కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో బొచ్చు బెడద: తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కనో పిల్లినో ఇంట్లో పెంచుకునేవారిని ఏడాది పొడవునా వేధించే సమస్య రాలే బొచ్చు. వాకిలి, పెరడు ఉన్న ఇళ్లలో కుక్క బయట పడుకునే రోజుల్లో ఇది పెద్దగా కనిపించేది కాదు. ఇప్పుడు హైదరాబాదులోనైనా విజయవాడ, విశాఖపట్నాల్లోనైనా రెండు, మూడు గదుల ఫ్లాట్లలో లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, పర్షియన్ పిల్లులు మనతో పాటే సోఫా మీద, మంచం మీద ఉంటున్నాయి కనుక వాటి బొచ్చు కూడా అక్కడే ఉంటుంది. కింది సమాధానాలన్నిటికీ ఆధారం ఒక్కటే: బొచ్చును నేల మీద ఏరుకోవడం కంటే జంతువు ఒంటి మీద ఉండగానే దువ్వి తీయడం చాలా సులువు. ఇల్లు ఊడవడం రెండో పని.

బొచ్చు అసలు ఎందుకు రాలుతుంది? పూర్తిగా ఆపే మార్గం ఉందా?

ప్రతి వెంట్రుకా కొంతకాలం పెరిగి, కొంతకాలం పెరుగుదల లేకుండా నిలిచి ఉండి, కింది నుంచి కొత్త వెంట్రుక వచ్చే వేళకు ఊడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న జంతువుకు కూడా ఇది తప్పదు కనుక పూర్తిగా ఆపే మందు ఏదీ లేదు. ఆపుతామని చెప్పి అమ్మే పొడులను, నూనెలను నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

చాలా జాతులకు బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన కనిపించేది కాస్త గరుకుగా, పొడవుగా ఉండే పొర. దాని అడుగున నూగులాంటి మెత్తని పొర ఉంటుంది. ఇంట్లో ఉండలు కట్టి తిరిగేది ఎక్కువగా ఈ అడుగు పొరే. పగటి పొడవులో వచ్చే మార్పును బట్టి జంతువు ఈ పొరను మార్చుకుంటుంది. చలి దేశాల్లో వేసవికీ శీతకాలానికీ పగటి పొడవులో తేడా చాలా ఎక్కువ కనుక అక్కడ బొచ్చు రాలే కాలం స్పష్టంగా తెలుస్తుంది. హైదరాబాదులో ఏడాదిలో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు రెండు గంటలే. దానికి తోడు రాత్రి పది, పదకొండు దాకా ఇంట్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. అందుకే మన ఇళ్లలో పెరిగే జంతువులకు బొచ్చు కొద్దికొద్దిగా ఏడాదంతా రాలుతూ, శివరాత్రి దాటి ఎండలు మొదలయ్యే వేళకు బాగా పెరుగుతుంది.

కుక్కను తెచ్చుకోవాలనుకుంటున్నాం. బొచ్చు తక్కువ రాలే జాతి ఏది?

పూడిల్, షిట్జూ, మాల్టీస్ వంటి జాతుల వెంట్రుక చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది కనుక రాలేది తక్కువ. అయితే ఆ వెంట్రుకను రోజూ దువ్వకపోతే చిక్కులు పడి జడకట్టి చర్మాన్ని లాగుతుంది. నెలకో రెండు నెలలకో కత్తిరించాలి. ఆ శ్రమ, ఆ ఖర్చు భరించగలిగితేనే వాటి జోలికి వెళ్లాలి.

లాబ్రడార్‌కు పొట్టి బొచ్చే కదా, రాలదు అనుకొని తెచ్చుకునేవారు చాలామంది ఉంటారు. నిజానికి ఎక్కువ రాలే జాతుల్లో అది ఒకటి. దాని పొట్టి వెంట్రుక సూదిలా బట్టలోకి దిగి, పొడవాటి వెంట్రుక కంటే మొండిగా అక్కడే ఉంటుంది. మనం పామ్ అని పిలుచుకునే ఇండియన్ స్పిట్జ్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ కూడా బాగా రాలుస్తాయి. మన నాటు కుక్కలకు బొచ్చు పొట్టిగా, పలుచగా ఉండి ఒంటిని హత్తుకొని ఉంటుంది. ఈ ఎండలకు తట్టుకునేవి, దువ్వడానికి సులువైనవి అవే. చోటు, తీరిక తక్కువగా ఉన్న ఇంటికి నా సలహా నాటు కుక్కపిల్లే.

ఎంత తరచుగా దువ్వాలి? ఏ దువ్వెన వాడాలి?

పొట్టి బొచ్చు కుక్కకు వారానికి రెండు, మూడు సార్లు, రెండు పొరల బొచ్చు ఉన్నదానికి రాలే కాలంలో రోజూ, పర్షియన్ పిల్లికి ఏ కాలంలోనైనా రోజూ దువ్వాలి. ఒక్కోసారికి పది నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే గంటసేపు దువ్వడం కంటే రోజూ పది నిమిషాలు దువ్వడం వల్ల ఇంట్లో రాలేది తగ్గుతుంది, జంతువూ విసిగిపోదు.

దువ్వెన బొచ్చును బట్టి ఉండాలి. లాబ్రడార్, బీగిల్, నాటు కుక్కలకు రబ్బరు పళ్లున్న బ్రష్ గానీ రబ్బరు గ్లవ్ గానీ బాగా పనిచేస్తుంది. రెండు పొరల బొచ్చుకు ముందు పళ్లు దూరంగా ఉండే అండర్‌కోట్ రేక్, తర్వాత సన్నని తీగలుండే స్లికర్ బ్రష్ వాడాలి. చిక్కుల కోసం స్టీలు దువ్వెన ఒకటి ఉంచుకోవాలి. అంచున లోహపు పళ్లుండే డీషెడ్డింగ్ పరికరాలు బొచ్చును రాశులుగా తీస్తాయి. చూడటానికి తృప్తిగా ఉంటుంది కానీ గట్టిగా నొక్కినా, ఒకేచోట పదేపదే లాగినా మంచి వెంట్రుకలు తెగుతాయి, చర్మం గీరుకుపోతుంది. వాటిని వారానికి ఒక్కసారికి మించి వాడకపోవడం మంచిది.

నేల మీద పాత దుప్పటి పరచి, ఫ్యాను కట్టేసి, కుక్కను దాని మీద పడుకోబెట్టండి. మెడ దగ్గర మొదలుపెట్టి బొచ్చు వాలిన దిక్కుకే దువ్వుతూ వీపు, పక్కలు, తొడల వెనుక భాగం, తోక మొదలు వరకు రండి. ఎక్కువగా ఊడేది తొడల వెనుక, తోక మొదట్లో, చెవుల వెనుక. లోపలి నూగు కుచ్చులు కుచ్చులుగా పైకి తేలుతుంటే ఇంకా దువ్వాల్సింది ఉన్నట్టు. ఐదారు సార్లు దువ్వినా బ్రష్‌కు నాలుగు వెంట్రుకలే వస్తుంటే ఆ చోటు అయిపోయినట్టు. కడుపు కింద, చంకల్లో చర్మం పలుచన కనుక అక్కడ చెయ్యి తేలికగా ఆనించాలి. పని పూర్తయ్యాక దుప్పటిని నాలుగు మూలలా మడిచి బయట దులపకుండా, అందులోని బొచ్చును చేత్తో ఉండచేసి తీసేయండి.

దువ్వనివ్వని జంతువును బలవంతంగా పట్టుకోవద్దు. మొదటి వారం బ్రష్ వాసన చూడనిచ్చి, రెండుసార్లు దువ్వి, ఒక చిన్న తినుబండారం ఇచ్చి వదిలేయండి.

వేసవిలో గుండు చేయిస్తే బొచ్చూ రాలదు, చల్లగానూ ఉంటుంది కదా?

రెండు పొరల బొచ్చు ఉన్న కుక్కకు గుండు చేయించకూడదు. ఆ బొచ్చు చలి నుంచి కాపాడినట్టే ఎండ వేడి నేరుగా చర్మానికి తగలకుండా కూడా అడ్డుకుంటుంది. తీసేస్తే చర్మం ఎండకు కమిలిపోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు బొచ్చు కొన్ని కుక్కలకు అతుకులు అతుకులుగా వస్తుంది, కొన్నిటికి చాలా నెలలు రానే రాదు. పైగా గుండు చేసినంత మాత్రాన రాలడం ఆగదు, రాలే వెంట్రుక పొట్టిదవుతుంది అంతే. కుక్క శరీరం వేడిని ఎక్కువగా వగర్చడం ద్వారానే బయటకు పంపుతుంది కనుక దానికి కావలసింది చల్లని నేల, నీళ్లు, గాలి, బాగా దువ్విన బొచ్చు. విడదీయలేనంతగా జడకట్టినా, శస్త్రచికిత్స అవసరమైనా పశువైద్యుడు తీయించమంటే అది వేరే సంగతి.

ఎన్ని రోజులకు ఒకసారి స్నానం చేయించాలి?

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మూడు, నాలుగు వారాలకు ఒకసారి సరిపోతుంది. స్నానంతో ఊడటానికి సిద్ధంగా ఉన్న బొచ్చు చాలావరకు ఒకేసారి వచ్చేస్తుంది కనుక స్నానానికి ముందు ఒకసారి, పూర్తిగా ఆరాక ఒకసారి దువ్వాలి. దువ్వకుండా తడిపితే ఉన్న చిక్కులు ఇంకా బిగుసుకుంటాయి. మనుషుల షాంపూ వాడకూడదు. మన చర్మానికి ఆమ్లగుణం ఎక్కువ, కుక్క చర్మానికి తక్కువ. మన కోసం తయారైనది దాని చర్మాన్ని పొడిబారేలా చేస్తుంది. పొడిబారిన చర్మం దురదపెడుతుంది, గోక్కున్నకొద్దీ బొచ్చు రాలుతుంది. వానాకాలంలో అడుగు పొర తడిగా మిగిలిపోతే పుండ్లు, ఫంగస్ వస్తాయి కనుక తువ్వాలుతో అద్దిన తర్వాత ఫ్యాను కిందనో, వేడి తక్కువగా పెట్టిన డ్రయర్‌తోనో మొదళ్ల వరకు ఆరబెట్టాలి.

ఆరోగ్యంగా ఉన్న పిల్లి తన శుభ్రత తానే చూసుకుంటుంది. దానికి స్నానం కంటే దువ్వడమే ముఖ్యం. దువ్వకపోతే ఆ బొచ్చంతా నాకి మింగి, ఉండలుగా కక్కుతుంది.

తిండి మారిస్తే తేడా ఉంటుందా? కొబ్బరినూనె రాయవచ్చా?

తిండి లోపం వల్ల రాలుతుంటే తేడా తప్పకుండా ఉంటుంది. వెంట్రుక దాదాపు పూర్తిగా కెరాటిన్ అనే మాంసకృత్తితో తయారవుతుంది. రోజూ పెరుగన్నం, పాలన్నం మాత్రమే తినే కుక్కకు మాంసకృత్తులు చాలవు కనుక బొచ్చు కళతప్పి, పెళుసుబారి ఊడుతుంది. ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసం, ముల్లు తీసిన చేప చేర్చినా, సమతుల్యంగా తయారైన కుక్కల ఆహారానికి మారినా కొన్ని వారాల్లో బొచ్చు నిగనిగలాడుతుంది. మనం తినే కూర కలిపి పెట్టవద్దు, ఎందుకంటే ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకూ పిల్లులకూ రక్తహీనత తెచ్చే విషాలు. ఒమేగా-3 ఉండే చేపనూనె పొడి చర్మానికి మేలు చేస్తుంది కానీ మోతాదు బరువును బట్టి వైద్యుడు చెప్పాలి.

కొబ్బరినూనె ఒంటికి రాస్తే రాలడం ఆగదు. దుమ్ము అంటుకుంటుంది, జంతువు దాన్ని నాకుతుంది, నూనె మరకలు సోఫాకు చేరతాయి.

రోజూ ఊడ్చి తుడుస్తున్నా సాయంత్రానికి మళ్లీ బొచ్చు తేలుతోంది. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

చాలా ఇళ్లలో ఫ్యాను తిరుగుతుండగానే కొండచీపురుతో ఊడుస్తారు. చీపురు విసురుకు తేలికపాటి నూగు పైకి లేస్తుంది, ఫ్యాను దాన్ని గదంతా తిప్పుతుంది, ఊడ్చినవారు పక్క గదికి వెళ్లేసరికి అది మళ్లీ నేలకు దిగుతుంది. రెండో పొరపాటు, సరిగా ఊడవకుండానే తడిగుడ్డ పెట్టడం. తడికి వెంట్రుకలు టైల్స్‌కు అతుక్కుపోతాయి; ఆరగానే విడిపోయి లేస్తాయి.

వరుస ఇలా ఉండాలి. ముందు ఫ్యాన్లు కట్టేయాలి. సోఫా, మంచం, కిటికీ గట్లు, టీవీ బల్ల వంటి ఎత్తైన చోట్లు ముందు శుభ్రం చేయాలి. తర్వాత వెడల్పాటి పొడి మైక్రోఫైబర్ మాప్‌ను ఎత్తకుండా గది ఈ చివర నుంచి ఆ చివరకు నెట్టుకుంటూ పోవాలి. రుద్దినప్పుడు ఆ గుడ్డకు పుట్టే స్థిర విద్యుత్తు వెంట్రుకలను పట్టి ఉంచుతుంది. చీపురే వాడదలిస్తే రబ్బరు పళ్ల చీపురు మంచిది. ఆ తర్వాతే తడిగుడ్డ.

తలుపుల వెనుక, మంచం కింద, సోఫా కాళ్ల చుట్టూ, ఫ్రిజ్ వెనుక బొచ్చు చేరుతుంది, ఎందుకంటే గాలి తిరిగి తిరిగి ఆగేది అక్కడే. ఆ నాలుగు చోట్లు వారానికి రెండుసార్లు చూస్తే మిగతా ఇంటి పని సగం తగ్గుతుంది. ఇంకొక మాట. ఇంటి పనికి వచ్చే ఆమెతో జీతం కుదుర్చుకున్నప్పుడు కుక్క లేకపోయి, తర్వాత తెచ్చుకున్నట్లయితే, బొచ్చు ఎత్తడం ఆమెకు అదనపు పని. జీతంలో ఆ తేడా చూపించడం న్యాయం. మాస్కు, గ్లవ్స్ కూడా మీరే ఇవ్వాలి.

వాక్యూమ్ క్లీనర్ కొనడం అవసరమా?

ఇల్లంతా టైల్స్, గ్రానైట్ అయితే అత్యవసరం కాదు. తివాచీలు, బట్ట సోఫాలు, దూది పరుపులు ఉన్న ఇంటికి మాత్రం పనికివస్తుంది. కొనేటప్పుడు మోటారుతో తిరిగే బ్రష్, హెపా ఫిల్టరు ఉన్నాయా అని చూడండి. అమెరికా ప్రమాణం ప్రకారం హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 99.97 శాతాన్ని పట్టాలి. మామూలు ఫిల్టరు ఉన్న యంత్రం బొచ్చును తీసుకుంటూనే సన్నటి పొట్టును వెనుక నుంచి గదిలోకి ఊదుతుంది. రోలర్‌కు చుట్టుకున్న వెంట్రుకలను కత్తెరతో తీస్తుండాలి. రోబో వాక్యూమ్ రోజువారీ నూగుకు బాగుంటుంది కానీ ఇంట్లో మలవిసర్జన చేసే వయసు కుక్కపిల్ల ఉంటే ఆ యంత్రాన్ని ఒంటరిగా తిరగనివ్వవద్దు. ఒకచోట ఉన్నదాన్ని గది మొత్తానికి పులుముతుంది.

సోఫాకు, పరుపుకు, కారు సీటుకు అంటుకున్నది ఎలా తీయాలి?

గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లవ్ చాలు. దాన్ని తడిపి, నీరు కారకుండా విదిలించి, సోఫా బట్ట మీద ఒకే దిక్కుకు నొక్కి లాగండి. విడివిడిగా ఉన్న వెంట్రుకలు ఒకదానికొకటి పెనవేసుకొని దీపపు వత్తిలా చుట్టుకుంటూ అంచుకు వస్తాయి, అక్కడ చేత్తో ఎత్తేయవచ్చు. ముందుకీ వెనక్కీ రుద్దితే మాత్రం మళ్లీ బట్టలోకి దిగుతాయి. జిగురు లింట్ రోలర్ ఆఫీసుకు బయలుదేరే ముందు చొక్కా కోసం మంచిది. సోఫా మొత్తానికి వాడితే చుట్టలు చుట్టలు ఖర్చవుతాయి.

జంతువు పడుకునే చోట దళసరి నూలు దుప్పటి పరచి వారానికి ఒకసారి ఉతకడం అన్నిటికంటే చవకైన ఉపాయం. వెల్వెట్, ఉన్ని బట్టలు వెంట్రుకలను పట్టుకున్నంతగా నున్నటి నేత బట్ట పట్టుకోదు. కొత్త సోఫా కొంటున్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

వాషింగ్ మెషీన్‌లో వేసినా బట్టలకు బొచ్చు పోవడం లేదు.

తడిసిన వెంట్రుక బట్టకు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కనుక ముందుగా పొడిగా ఉన్నప్పుడే దులిపి, గ్లవ్‌తో తీసి, ఆ తర్వాతే మెషీన్‌లో వేయాలి. జంతువు పక్కబట్టలు విడిగా ఉతకాలి. డ్రమ్మును నిండా కుక్కకుండా నీళ్లు ఆడేలా వదలాలి. ప్రతిసారీ టాప్ లోడ్ మెషీన్‌లోని లింట్ సంచీని, నెలకోసారి ఫ్రంట్ లోడ్ కింది మూతలోని పంపు ఫిల్టరును శుభ్రం చేయాలి. నీళ్లు సరిగా బయటకు పోకపోవడానికి కారణం తరచుగా అక్కడ పేరుకున్న బొచ్చే.

పట్టుచీరలను నూలు సంచుల్లో పెట్టి బీరువా తలుపు మూసి ఉంచండి. కలరా ఉండలు మాత్రం జంతువుకు అందే చోట పెట్టవద్దు. వాటిలోని నాఫ్తలీన్ మింగితే కుక్కలకూ పిల్లులకూ విషం.

ఫ్యాన్లు, ఏసీ, కూలర్ సంగతి ఏమిటి?

రెక్కల మీద చేరిన బొచ్చును పాత దిండు గలీబు తొడిగి లోపలికే తుడవాలి. ఏసీ ఫిల్టరును రెండు వారాలకు ఒకసారి కడగాలి. కూలర్ గడ్డిలో చిక్కుకున్న బొచ్చు నీళ్లతో కలిసి కుళ్లి వాసన వస్తుంది, మోటారుకూ అడ్డుపడుతుంది కనుక వేసవిలో వారానికి ఒకసారి తొట్టి కడగాలి.

నేల తుడిచే నీళ్లలో ఫినాయిల్ కలపవచ్చా?

పిల్లి ఉన్న ఇంట్లో ఫినాల్ రసాయనాలున్న ఫినాయిల్ వాడవద్దు. వాటిని విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి, పాదాలు నాకినప్పుడు అది కడుపులోకి వెళుతుంది. కుక్కలకూ అది మంచిది కాదు. బొచ్చు, దుమ్ము వదలడానికి గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు ద్రవం చాలు. ఇంకేదైనా క్రిమిసంహారకం వాడితే నేల పూర్తిగా ఆరేదాకా జంతువును వేరే గదిలో ఉంచండి.

అన్నంలో వెంట్రుక పడి కడుపులోకి వెళితే జబ్బు చేస్తుందంటారు. నిజమేనా?

వెంట్రుక అరగదు, మలంతో పాటు బయటకు వెళ్లిపోతుంది. ఒకటి, రెండు మింగినంత మాత్రాన ఏమీ కాదు. అయితే ఈ భయం పూర్తిగా నిరాధారం కూడా కాదు. ఎకినోకోకస్ అనే బద్దెపురుగు ఉన్న కుక్క మలంలో దాని గుడ్లు పడతాయి, అవి కుక్క బొచ్చుకూ అంటుకుంటాయి. అవి మనిషి కడుపులో పడితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు ఏర్పడవచ్చు. గొర్రెలు, మేకలు వంటి పశువుల పచ్చి కార్జం, ఊపిరితిత్తులు తిన్న కుక్కలకు ఈ పురుగు వస్తుంది. కనుక పచ్చి మాంసం పెట్టకుండా, వైద్యుడు చెప్పిన ప్రకారం సాధారణంగా మూడు నెలలకు ఒకసారి నులిపురుగుల మందు వేయిస్తూ, తినే ముందు చేతులు కడుక్కుంటే ఆందోళన అవసరం లేదు. వంటగదిలోకి రాకుండా నడుము ఎత్తు చిన్న గేటు పెట్టుకోవడం, వండిన గిన్నెల మీద మూత ఉంచడం అలవాటు చేసుకోవాలి. పూజగదికీ అదే గేటు ఏర్పాటు సరిపోతుంది.

ఇంట్లో ఒకరికి ఉబ్బసం ఉంది. బొచ్చు తీసేస్తే సరిపోతుందా?

సరిపోదు. అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు, జంతువు లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే మాంసకృత్తులు. పిల్లి విషయంలో ముఖ్యమైనది ఫెల్ డి 1, కుక్క విషయంలో కెన్ ఎఫ్ 1. పిల్లిది మరీ సన్నటి రేణువులకు అంటుకొని గంటల తరబడి గాలిలో తేలుతుంది. పిల్లిని ఇంటి నుంచి పంపేసిన తర్వాత కూడా నెలల తరబడి సోఫాల్లో, పరుపుల్లో ఉంటుంది. అందువల్ల అలర్జీ రాని జాతి అని చెప్పి ఎక్కువ ధరకు అమ్మేవారి మాట నమ్మవద్దు.

ఉబ్బసం ఉన్నవారి పడకగదిలోకి జంతువును అసలు రానివ్వకపోవడం మొదటి మెట్టు. ఆ గదిలో హెపా ఫిల్టరు ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టడం, పక్కబట్టలు వారానికోసారి వేడినీళ్లలో ఉతకడం, దువ్వే పని ఇంట్లో మరొకరు చేయడం తర్వాతివి. ఇవన్నీ చేసినా ఆయాసం వస్తుంటే వైద్యుణ్ని సంప్రదించి, అవసరమైతే జంతువుకు మరో మంచి ఇల్లు వెతకాలి. వీధిలో వదిలేయడం మాత్రం ఎంత కష్టంలోనైనా చేయకూడని పని. ఇంటి తిండికి అలవాటుపడిన కుక్క వీధిలో బతకలేదు. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

బొచ్చు రాలడం జబ్బు లక్షణం ఎప్పుడవుతుంది?

ఒళ్లంతా సమంగా రాలుతూ, కింద చర్మం మామూలుగా ఉంటే భయం లేదు. గుండ్రని మచ్చలుగా ఊడి పొట్టు లేస్తుంటే తామర కావచ్చు, అది పిల్లల నుంచి పెద్దల దాకా ఇంట్లో అందరికీ అంటుకుంటుంది. విపరీతమైన దురద, ఎర్రటి చర్మం, చెవుల అంచున, మోచేతుల దగ్గర ఊడటం గజ్జికి గుర్తులు. రెండు పక్కలా ఒకేలా పలుచబడుతూ, దురద లేకుండా, కుక్క బద్ధకంగా, లావుగా మారుతుంటే థైరాయిడ్ వంటి హార్మోన్ల లోపాన్ని అనుమానించాలి. ఇలాంటివి కనిపిస్తే దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. గోమార్లకు కుక్కల కోసం ఇచ్చిన మందును పిల్లికి ఎప్పుడూ వేయవద్దు. వాటిలో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది.

బాల్కనీలో దువ్వుతుంటే కింది ఫ్లాటు వారు గొడవ పెట్టుకుంటున్నారు.

వారి ఆరేసిన బట్టల మీదికి మీ కుక్క బొచ్చు ఎగిరి పడుతుంటే తప్పు మీదే. స్నానాలగదిలో గానీ, తలుపులు మూసిన గదిలో దుప్పటి మీద గానీ దువ్వండి. కుక్కనే పెంచకూడదని సంఘం తీర్మానం చేస్తే అది వేరే విషయం. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ సంఘాలు మెజారిటీ తీర్మానంతోనైనా పెంపుడు కుక్కలను నిషేధించలేవు. పరిసరాలు శుభ్రంగా ఉంచే బాధ్యత మాత్రం పెంచేవారిదే.

దువ్విన బొచ్చును ఎక్కడ పారేయాలి?

కాగితంలో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేయండి. కమోడ్‌లోనో సింకులోనో వేస్తే సబ్బు నురగతో కలిసి గొట్టంలో గట్టి ముద్దగా తయారవుతుంది. స్నానం చేయించేటప్పుడు కూడా నీళ్లు పోయే జాలీ మీద సన్నటి వల పెట్టుకోవాలి. పక్షులు గూటికి వాడుకుంటాయని కొందరు కిటికీ గట్టున ఉంచుతారు. గోమార్ల మందు వేసిన జంతువు బొచ్చులో ఆ మందు మిగిలి ఉండి గూటిలోని పిల్లలకు హాని చేయవచ్చు కనుక అలా ఉంచవద్దు.